మనవరాలి మోటరు ఎందుకు వణుకుతోంది?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగానే చెప్పారు. నాకిచ్చిన అంశం వాటికి కొంచెం దూరమైనది. మన ఇళ్లలో మనవళ్లు, మనవరాళ్లు సైన్సు ఫెయిరు కోసం చేసే నమూనాలలో వాడే చిన్న మోటర్ల గురించి మాట్లాడమన్నారు. ఇదేమి అంశమని కొందరు నవ్వుకోవచ్చు. అయితే గత రెండు మూడేళ్లలో నా దగ్గరికి వచ్చిన మన సభ్యులలో పెన్షను కాగితాలు పట్టుకొచ్చిన వారికన్నా, ప్లాస్టిక్ సంచిలో వైర్లు పట్టుకొచ్చిన వారే ఎక్కువ. "పిల్ల ఏడుస్తున్నది, ఒకసారి చూడు అన్నా" అని తీసుకొస్తారు. సంచి విప్పితే అందులో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద మోటరు, ఆకుపచ్చ బోర్డు, గుప్పెడు రంగు రంగుల వైర్లు ఉంటాయి. దాన్నే స్టెప్పర్ మోటరు అంటారు.

మనలో సింగరేణి గనుల్లో హాలేజి మోటర్లు నడిపిన వారున్నారు. రామగుండంలో 1971లో ఉత్పత్తి మొదలుపెట్టిన 62.5 మెగావాట్ల థర్మల్ స్టేషన్‌లో, ఆ తర్వాత వచ్చిన ఎన్‌టీపీసీలో పనిచేసిన వారున్నారు. కాగజ్‌నగర్ పేపరు మిల్లు వాళ్లున్నారు. స్తంభాలెక్కిన లైన్‌మెన్ మిత్రులున్నారు. మీకు మోటరంటే నేను చెప్పవలసిన పనిలేదు. అయినా ఈ చిన్న మోటరు ముందు మనం తెల్లమొహం వేస్తున్నాం. ఎందుకంటే ఇది మనకు తెలిసిన మోటరులా నడవదు. స్విచ్చి వేస్తే తిరగదు. కరెంటు ఇచ్చి ఊరుకుంటే ఒక్క అడుగు వేసి అక్కడే బిగుసుకుని నిలబడుతుంది. ఇంకొక చుట్టకు కరెంటు మారిస్తే ఇంకొక అడుగు వేస్తుంది. ఎన్నిసార్లు మారిస్తే అన్ని అడుగులు. అంతకు మించి ఏమీ లేదు.

ఇది మీకు కొత్త కూడా కాదు. మీ ఇంట్లో గోడకు వేలాడే క్వార్ట్జ్ గడియారంలో ఉన్నది ఈ జాతి మోటరే. అందులో ఒక స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒకటి వస్తుంది. ఆ ఒక్క పల్సు చిన్న తీగచుట్టకు అందితే లోపలి అయస్కాంతం సగం చుట్టు తిరుగుతుంది, ముల్లు టిక్కుమంటుంది. ఇప్పుడొకటి గుర్తు తెచ్చుకోండి. సెల్లు అయిపోవచ్చినప్పుడు ఆ సెకన్ల ముల్లు ఏం చేస్తుంది? చాలాసార్లు తొమ్మిది అంకె దగ్గర ముందుకు పోలేక, వెనక్కి రాలేక, ఉన్నచోటనే కొట్టుకుంటుంది. అక్కడ ముల్లును పైకి ఎత్తాలి కదా, ఆ బరువుకు సెల్లు బలం చాలదు. మోటరు చెడిపోలేదు, సెల్లు మార్చితే మళ్లీ నడుస్తుంది. మనవరాలి మోటరు వణికిపోవడానికి సగం కారణం ఈ గోడ గడియారమే చెప్పేసింది.

బ్యాంకులో పనిచేసిన మిత్రులు పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను గుర్తు చేసుకోవచ్చు. తలను అటూ ఇటూ జరిపేది ఒకటి, కాగితాన్ని పైకి లాగేది ఒకటి, రెండూ స్టెప్పర్లే. ఏసీ గాలి రెక్కలను కిందికీ పైకీ ఊపేది కూడా ఇదే.

పిల్లల కిట్లలో ఎక్కువగా వచ్చేది 28బీవైజే-48 అనే మోటరు. దానికి ఐదు వైర్లుంటాయి: నీలం, గులాబి, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు అందరికీ ఉమ్మడిది. లోపల పళ్ల చక్రాలున్నాయి కాబట్టి బయటి ఇరుసు ఒక పూర్తి చుట్టు తిరగాలంటే 2,048 అడుగులు వేయాలి. దీనితో యూఎల్‌ఎన్ 2003 అనే చిప్పు ఉన్న చిన్న బోర్డు, ఆ బోర్డును ఆడించే ఆర్డుయినో అనే మరో బోర్డు వస్తాయి. ఆర్డుయినో ఆజ్ఞ ఇస్తుంది, చిప్పు ఆ ఆజ్ఞ ప్రకారం కరెంటును మోటరుకు వదులుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆర్డుయినో పుష్ బటన్, యూఎల్‌ఎన్ కాంటాక్టర్. పుష్ బటన్ వైర్లను తీసుకెళ్లి నేరుగా మోటరుకు కలిపితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆర్డుయినో కాలు ఒక్కొక్కటి తట్టుకోగల గరిష్ఠ కరెంటు 40 మిల్లీ యాంపియర్లు. ఈ మోటరు ఒక్కో చుట్ట 100 వరకు అడుగుతుంది. మధ్యలో చిప్పు లేకుండా కలిపిన పిల్లలు బోర్డు కాల్చుకుంటారు.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. పేర్లు వద్దు. కడెం ప్రాజెక్టు దిగువన ఉన్న ఒక ఊరి నుంచి మన సభ్యుడు, రిటైరైన లైన్‌మన్, ఎనిమిదో తరగతి చదివే మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చాడు. కడెం సంగతి మీకందరికీ తెలుసు. 2022 జూలైలో గేట్ల సామర్థ్యానికి మించిన వరద వచ్చింది, ఉన్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. 2023 జూలైలో కూడా కొన్ని గేట్లు మొరాయించాయి. ఆ రాత్రి ఇల్లు వదిలి పోయిన పిల్లల్లో ఈ అమ్మాయి ఒకతి. నీటి మట్టం పెరిగితే ఎవరూ రాకుండానే గేటు తనంతట తాను లేవాలని ఆమె ఒక నమూనా చేసింది. అట్టతో ఆనకట్ట, ప్లాస్టిక్ రేకుతో గేటు, పైన ఇరుసుకు దారం, దారాన్ని చుట్టడానికి ఈ మోటరు. అసలు ప్రాజెక్టు గేట్లకు ఈ రకం మోటర్లు వాడరు, అది వేరే సంగతి. పిల్ల ఆలోచన మంచిది.

"తాతా, మోటరు తిరుగుతలేదు. ఒక్కకాడనే గజగజ వణుకుతున్నది" అని ఆ పిల్ల అన్న మాటను ఆయన ఉన్నదున్నట్టు నాకు చెప్పాడు. సామాను అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే మోటరు పోయింది, ఇంకొకటి కొనండి అన్నారట. ఇంకొకటి కొన్నారు. అదీ వణికింది. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే జవాబు. మూడోది కూడా కొన్నారు. మూడూ నా ముందు పెట్టారు. ఒక్కొక్కటి రెండు వందల లోపుదే కావచ్చు, కానీ సైన్సు ఫెయిరుకు నాలుగు రోజులే ఉంది, పిల్ల తల్లి "ఇది మనవల్ల కాని పని, చదువు చూసుకో" అనేసింది. ఇన్‌స్పైర్ మనక్ అని కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ పథకం ఒకటుంది. ఎంపికైన పిల్లల ఖాతాలో నమూనా చేయడానికి 10,000 రూపాయలు వేస్తారు. ఆ డబ్బు వచ్చిన పిల్ల అది. పైసలు ఖర్చయ్యాయి, గేటు లేవలేదు అని బడిలో చెప్పడం ఎట్లా అన్నది ఆమె బాధ.

మూడు మోటర్లను ముందు మల్టీమీటరుతో చూశాం. దీనికి ఇంజనీరు కానక్కరలేదు. ఓమ్స్ మీద పెట్టి ఒక కర్ర ఎర్ర వైరుకు, రెండోది తక్కిన నాలుగింటికి ఒక్కొక్కటిగా తాకించాలి. 5 వోల్టుల మోటరైతే ప్రతిసారీ 50 ఓములకు అటూ ఇటూ చూపాలి. ఎరుపును వదిలి ఏ రెండు వైర్ల మధ్య చూసినా 100 దగ్గర ఉండాలి. నాలుగింటిలో ఒకటి ఏమీ చూపకపోతే ఆ చుట్ట తెగినట్టు, లేదా తెల్లటి ప్లగ్గులో వైరు ఊడినట్టు. ఇవే మోటర్లు 12 వోల్టుల రకం కూడా వస్తాయి. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, వీపు మీది ముద్ర చదివితే గాని తెలియదు. వాటి చుట్టల నిరోధం చాలా ఎక్కువ. 5 వోల్టులిస్తే నీరసంగా వణుకుతాయి. ఈ పిల్ల తెచ్చిన మూడూ 5 వోల్టులవే, మూడూ నిక్షేపంగా ఉన్నాయి. అంటే అమ్మినవారు చూడకుండానే రోగం పేరు చెప్పారన్నమాట.

తర్వాత గేటు దారం విప్పేశాం. ఇది చాలామంది చేయరు. బరువు తీసేస్తే మోటరు తిరిగితే తప్పు వైర్లలో లేదు, గేటు గాడిలో బిగుసుకుంటోంది. ఈ మోటరు బలం ఒక సెంటీమీటరు వ్యాసార్ధం ఉన్న ఇరుసు మీద 300 గ్రాములకు అటూ ఇటూ, అదీ మెల్లగా తిప్పినప్పుడు. ఇక్కడ దారం విప్పినా వణుకు తగ్గలేదు. కాబట్టి తప్పు కరెంటులోనో, వరుసలోనో ఉంది.

కరెంటు ఎక్కడి నుంచి అంటే టార్చిలైటు సెల్లు కన్నా చిన్నది, చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ. ఊరికే కొలిస్తే మీటరు 9 వోల్టులు చూపింది. లైన్‌మన్ మిత్రుడు వెంటనే, "అన్నా, లోడు మీద చూడు" అన్నాడు. చూశారా, ఆయనకు ఆర్డుయినో పేరు నోరు తిరగదు, కానీ ముప్పై ఏళ్ల అనుభవం ఎక్కడికి పోతుంది! వదులైన జాయింటు దగ్గర టెస్టరు వెలుగుతుంది, బల్బు వెలగదు. లోడు లేనిది వోల్టేజి చెప్పే మాట సాక్షి లేని వాంగ్మూలం. మోటరు తగిలించి కొలిస్తే బ్యాటరీ కూలిపోయింది. ఆర్డుయినో 5 వోల్టుల కాలు దగ్గర 4 కన్నా తక్కువే ఉంది. ఆ చదరపు బ్యాటరీ పొగ కనిపెట్టే అలారాలకు, చిన్న రేడియోలకు పనికొచ్చేది. దాని లోపలి నిరోధం ఎక్కువ. 200 మిల్లీ యాంపియర్లు నిలకడగా అడిగితే అది ఇవ్వలేదు.

మన పల్లెల్లో ఒకప్పుడు రాత్రి త్రీ ఫేజు కరెంటు రాగానే ఊరంతా ఒక్కసారి బోరు మోటర్లు వేసేవారు. ఇళ్లలో ట్యూబులైటు రెప్పలు కొట్టి ఆరిపోయేది. రైతు పరుగెత్తి స్టార్టరు నొక్కితే మోటరు గుర్రుమనేదే కాని తిరిగేది కాదు, కాసేపటికి వైండింగు వాసన. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక రాత్రిపూట పొలానికి పోవలసిన ఆ బాధ తగ్గింది. ఆ కాలంలో రాత్రులు కరెంటు పెట్టబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల్ని మనం చూశాం. నేను చెప్పేదేమంటే, బల్ల మీది ఈ బొమ్మలో జరిగేది కూడా అదే లో వోల్టేజి. ఇంకొక లక్షణం ఉంది. మోటరు కదలబోగానే వోల్టేజి పడి ఆర్డుయినో స్పృహ తప్పుతుంది, మళ్లీ మేల్కొని ప్రోగ్రాం మొదటి నుంచి మొదలుపెడుతుంది, మళ్లీ పడుతుంది. పిల్లలు ప్రోగ్రాంలో తప్పుందని రాత్రంతా వెతుకుతారు. బోర్డు మీది చిన్న దీపం పదే పదే మొదట్లోలా మిణుకుమంటుంటే అది ప్రోగ్రాం తప్పు కాదు, సప్లై తప్పు.

దీనికి మందు చవకైనదే. నమ్మకమైన 5 వోల్టుల, 1 యాంపియరు లేక 2 యాంపియర్ల మొబైలు చార్జరు నుంచి మోటరు బోర్డుకు విడిగా కరెంటు ఇవ్వాలి. లేదా నాలుగు పెన్సిలు సెల్లులు వరుసగా పెడితే 6 వోల్టులు, అదీ బాగా పనిచేస్తుంది. ఆ చిప్పు తన ఖర్చుకు ఒక వోల్టు దాకా మింగుతుంది కాబట్టి మోటరుకు చేరేది 5 దగ్గరే ఉంటుంది. అయితే ఇక్కడ నూటికి యాభై మంది పడే గొయ్యి ఒకటుంది. మోటరుకు వేరే సప్లై పెట్టినప్పుడు దాని మైనసును, ఆర్డుయినో మైనసును ఒక వైరుతో కలపాలి. కలపకపోతే ఆజ్ఞ పోయే దారి ఉంది, తిరిగి వచ్చే దారి లేదు. న్యూట్రల్ తెగిన ఇంట్లో ఒక గదిలో బల్బు మండిపోయి, ఇంకొక గదిలో గుడ్డిగా వెలిగినట్టు ఇదీ పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తుంది, లేదా అసలు కదలదు. ప్లస్సులను మాత్రం కలపవద్దు.

చార్జరు పెట్టాం, మైనసులు కలిపాం. అయినా మోటరు వణికింది! పిల్ల మొహం చిన్నబోయింది. "మళ్లా బ్యాటరీనే పెట్టనా తాతా" అంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చిన్న సామానులో ఒకే సమయంలో రెండు తప్పులుండటం మామూలే. ఒకటి సరిచేసినా ఫలితం కనపడదు. అప్పుడు సరిచేసిన దాన్ని విప్పేసి పాత తప్పును మళ్లీ పెట్టి రెండోది వెతుకుతారు. ఇక ఆ పని తెల్లవార్లూ తెమలదు. మీటరుతో కొలిచి సరి అని తేలినదాన్ని కదపకూడదు. లోడు మీద 5 వోల్టులు నిలబడ్డాయి, కాబట్టి ఆ అధ్యాయం ముగిసింది, ముందుకు పోదాం అన్నాను.

యూఎల్‌ఎన్ బోర్డు మీద నాలుగు చిన్న ఎల్‌ఈడీ దీపాలుంటాయి. దేవుడిచ్చిన టెస్ట్ ల్యాంపులు అవి. ప్రోగ్రాంలో వేగాన్ని బాగా తగ్గించి, అడుగుకు ఒక సెకను పట్టేటట్టు చేస్తే అవి ఎట్లా వెలుగుతున్నాయో కంటితో చూడవచ్చు. నాలుగూ వెలగాలి. ఒకటి అసలు వెలగకపోతే ఆ కాలు వైరు ఊడింది. ఆ పిన్నుల వైర్లు చూడటానికి గట్టిగానే ఉంటాయి గాని లోపల పట్టు ఉండదు. అన్నీ గుడ్డిగా వెలిగితే సప్లై తక్కువ. అన్నీ బాగానే వెలిగి, కాని వరుసగా కాక గెంతుతూ వెలిగితే వరుస తప్పు. ఈ పిల్ల బోర్డులో వరుస గెంతుతోంది.

ఎందుకంటే, మోటరు లోపల నీలం, పసుపు ఒక జత. గులాబి, నారింజ ఇంకొక జత. ఇరుసు తిరగాలంటే నీలం, గులాబి, పసుపు, నారింజ అనే క్రమంలో చుట్టలు పనిచేయాలి. ఆర్డుయినోతో వచ్చే స్టెప్పర్ అనే తయారు ప్రోగ్రాం మాత్రం ముందు ఒక జత రెండు వైర్లు, తర్వాత రెండో జత రెండు వైర్లు చెప్పమంటుంది. కాబట్టి అందులో కాళ్ల సంఖ్యలు 1, 2, 3, 4 అని కాక 1, 3, 2, 4 అనే వరుసలో రాయాలి. 1, 2, 3, 4 అని రాస్తే ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. నలుగురు మోసే పల్లకిలో ఇద్దరు తూర్పుకు, ఇద్దరు పడమరకు నడిచినట్టు. మూడు మోటర్ల డబ్బు ఈ రెండు అంకెల తారుమారులో పోయింది.

అంకెలు మార్చాం. మోటరు తిరిగింది. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. కాని గేటు పదో వంతు మాత్రమే లేచి ఆగింది. ఇదీ అంకెల సంగతే. ఆ ప్రోగ్రాం ఉదాహరణలో ఒక చుట్టుకు 200 అడుగులని రాసి ఉంటుంది, అది వేరే రకం మోటరుకు. మనదానికి 2,048. 200 అడుగులు వేసి తన పని అయిపోయిందనుకుంటుంది పాపం. ఆ సంఖ్య దిద్దగానే పిల్లకు ఉత్సాహం వచ్చి, గేటు వేగంగా లేవాలని నిమిషానికి 100 చుట్లు అని పెట్టింది. మోటరు ఊళపెట్టింది గాని కదలలేదు. నిమిషానికి 10 చుట్లంటే సెకనుకు 341 అడుగులు, అది ఈ మోటరు చేయగలదు. 15 దాటితే కష్టం. 100 అంటే సెకనుకు 3,400 పైన. అంత త్వరగా అయస్కాంతం అడుగు మార్చలేదు, ఉన్నచోటే మూలుగుతుంది. లెక్క వేసి చూపితే పిల్లకు వెంటనే అర్థమైంది, 10 దగ్గర స్థిరపడింది.

జిల్లా స్థాయి ప్రదర్శనలో ఆ నమూనాకు బహుమతి రాలేదు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా, చూడటానికి వచ్చిన ప్రతివారికీ గేటు ఎత్తి దించి చూపిందట. ఒక్కసారి కూడా ఆగలేదని లైన్‌మన్ మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. మిగిలిన రెండు మోటర్లు బడికి ఇచ్చేశారు.

ఇక కొంచెం పెద్ద పిల్లల సంగతి. బాసర ట్రిపుల్ ఐటీలో, జగిత్యాల దగ్గరి నాచుపల్లి ఇంజనీరింగ్ కళాశాలలో చదివే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చేది నెమా 17 అనే చదరపు మోటరు. ముఖం 42 మిల్లీమీటర్లు, నాలుగే వైర్లు, చుట్టుకు 200 అడుగులు. పాత ప్రింటర్ల నుంచి ఊడదీసిన మోటర్లలోనూ నాలుగు వైర్లవి దొరుకుతాయి. వీటికి వైరు రంగులను నమ్మరాదు, కంపెనీకో రకంగా ఉంటాయి. జతలు మనమే కనుక్కోవాలి. మీటరు ఉంటే ఓమ్స్ చూపే రెండూ ఒక జత. మీటరు లేకపోతే ఇంకా సులభం. ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. తర్వాత ఏవైనా రెండు వైర్ల కొనలు కలిపి పట్టుకొని తిప్పండి. ఇరుసు గట్టిపడితే ఆ రెండూ ఒక జత, గట్టిపడకపోతే కావు. తిప్పినప్పుడు అది జనరేటరు, కొనలు కలిపితే షార్టు, ఆ కరెంటే బ్రేకు. డైనమో లైటు సైకిలు తొక్కిన తరానికి ఇది చెప్పనక్కరలేదు. జత వైర్లకు చిన్న ఎల్‌ఈడీ తగిలించి చురుకుగా తిప్పితే మినుకుమంటుంది, చంటిపిల్లలు కూడా చప్పట్లు కొడతారు. అయితే మొదట చెప్పిన పళ్ల చక్రాల మోటరు ఇరుసును ఇట్లా బలవంతంగా తిప్పవద్దు, పళ్లు ఊడతాయి.

మన త్రీ ఫేజు మోటరుకు ఏ రెండు వైర్లు మార్చినా ఎదురు తిరుగుతుంది. ఇక్కడ ఆ సూత్రం సగమే నిజం. ఒకే జతలోని రెండు వైర్లు తారుమారు చేస్తే ఎదురు తిరుగుతుంది. ఒక జతలోది తీసి ఇంకొక జతలో కలిపితే వణుకు. మన వాళ్లు అలవాటుగా "రెండు వైర్లు మార్చి చూడు" అని మనవడికి సలహా ఇచ్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ మోటరు మీద 2.8 వోల్టులు, 1.7 యాంపియర్లు వంటి ముద్ర చూసి, 12 వోల్టులిస్తే కాలిపోదా అని అడుగుతారు. నేరుగా ఇస్తే కాలిపోతుంది. చుట్ట నిరోధం 1.65 ఓములు. 12 వోల్టులు దాని మీద పడితే 7 యాంపియర్ల పైన లాగుతుంది. ఎల్298 అనే ఎర్ర బోర్డుతో కలిపిన పిల్లలకు జరిగేది అదే. ఆ చిప్పు ఓర్చుకునేది చుట్టకు 2 యాంపియర్లే, కాబట్టి ముందు బోర్డు పోతుంది. అటువంటి మోటరుకు ఏ4988 వంటి కరెంటు నియంత్రించే డ్రైవరు కావాలి. అది సెకనుకు వేలసార్లు కరెంటును కోస్తూ, మనం పెట్టిన హద్దు దాటనివ్వదు. ఆ హద్దు పెట్టేది బోర్డు మీది చిన్న స్క్రూ. అక్కడి వోల్టేజిని మీటరుతో కొలవాలి. బోర్డు మీది సెన్సు రెసిస్టరు మీద ఆర్100 అని ఉంటే 0.8 వోల్టు అంటే 1 యాంపియరు. ఆర్050 అని ఉంటే అదే 0.8 వోల్టుకు రెట్టింపు. కొలవకుండా తిప్పవద్దు. ఆ బోర్డు మీద రీసెట్, స్లీప్ అనే రెండు కాళ్లను పక్కపక్కనే కలపకపోతే కొన్ని బోర్డులు నిద్రపోతూనే ఉంటాయి. పిల్లలు మళ్లీ మోటరును తిడతారు. మోటరు సప్లై కాళ్ల దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు ఉండగా మోటరు ప్లగ్గు పీకరాదు. కాంటాక్టర్ విడిపోయినప్పుడు నిప్పురవ్వ ఎందుకు వస్తుందో మీకు తెలుసు. ఆ రవ్వ ఇక్కడ కంటికి కనపడదు, చిప్పు మాత్రం చచ్చిపోతుంది.

మోటరు వేడెక్కింది, చెడిపోతోంది అని కంగారుపడే వారికి ఒక మాట. స్టెప్పరు నిలబడి ఉన్నప్పుడు కూడా పూర్తి కరెంటు తీసుకుంటుంది, పట్టు వదలకుండా ఉండటానికి. తిరగని మోటరు వేడెక్కడం మన మోటర్లలో ప్రమాద సూచన, దీనిలో స్వభావం. చేయి ఆన్చి ఉంచడం కష్టమయ్యేంత వేడి కూడా సహజమే. త్రీడీ ప్రింటరులో అచ్చుపోసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి, దానికి బిగించినప్పుడు మాత్రం కరెంటు హద్దు తగ్గించాలి.

ఇళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు గనుక భద్రత మాట చెప్పి ముగిస్తాను. పత్తి చేలకు మందు కొట్టే బ్యాటరీ పంపులోని 12 వోల్టుల బ్యాటరీని ఊళ్లలో పిల్లలు ఈ పనికి వాడుతున్నారు. 12 వోల్టులు షాకు కొట్టదు, నిజమే. కాని ప్లస్సు మైనసు తగిలితే అది పదుల యాంపియర్లు కక్కుతుంది. సన్న వైరు ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. ప్లస్సు వైరులో 2 యాంపియర్ల ఫ్యూజు పెట్టండి, అది ఆటోమొబైలు షాపులో దొరుకుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి సెల్లులు తీయనివ్వకండి, అవి ఉబ్బి అంటుకుంటాయి. సంతలో దొరికే పేరులేని చార్జర్లలో కొన్నింటికి లోపల మెయిన్సుకు, బయటి వైరుకు మధ్య అడ్డు సరిగా ఉండదు. వైరు ముట్టుకుంటే చీమ కుట్టినట్టుంటే ఆ చార్జరును వెంటనే పారేయండి. ఇంట్లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ లేని వాళ్లు పెట్టించుకోండి, అది మోటరు కోసం కాదు, మీకోసం.

ఆ కిటికీ పక్క బల్ల మీద ఒక పాత ప్రింటరు మోటరు, ఒక నీలం వైరు తెగిన 28బీవైజే, రెండు మల్టీమీటర్లు పెట్టాను. భోజనాల గంట కొట్టేలోగా వచ్చి జతలు కనుక్కోండి, తెగిన చుట్ట ఏదో చెప్పండి. కళ్లజోడు మరిచిపోకండి, వైర్లు సన్నగా ఉన్నాయి.